పాపికొండల లాంచీలో లైఫ్ జాకెట్ ఒక్కటే సరిపోతుందా?

సీలేరు పిల్ల: డిసెంబర్‌లో అమ్మానాన్నతో, మా ఆరేళ్ల పాపతో పాపికొండలు వెళ్దామనుకుంటున్నాం, గండిపోచమ్మ దగ్గర లాంచీ ఎక్కుతాం. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిపోయింది తలుచుకుని అమ్మ వద్దంటోంది. మాలో ఎవరికీ ఈత రాదు. లాంచీ ఒరిగితే ఏం చెయ్యాలండీ? జాకెట్లు ఇస్తారుగా, చాలవా?

గోదారి గట్టు: కచ్చులూరు ప్రమాదం సెప్టెంబర్ 15న, గోదారి వరద మీదున్నప్పుడు జరిగింది. డిసెంబర్‌లో నీళ్లు అంత ఉరవడిగా ఉండవు, ఆ టెన్షన్ కొంత తగ్గించుకోండి. ఇక జాకెట్ అంటారా, ఎక్కేటప్పుడు అందరూ కట్టుకుంటారు, ఫొటోలయ్యాక ఉక్కపోస్తోందని విప్పి కుర్చీ కింద పడేస్తారు, పేరంటాలపల్లిలో దిగి మళ్లీ ఎక్కేసరికి వేసుకున్నవాణ్ణి వింతగా చూస్తారు (నన్ను చూశారు). పాపకి పెద్దవాళ్లది తొడగొద్దు. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి, చెవుల దాకా వచ్చిందంటే నీళ్లలో పిల్ల అందులోంచి జారిపోతుంది. పిల్లల సైజు లేదంటే మీరే కొనుక్కెళ్లండి.

లంక అబ్బాయి: పై మాటకి ఒకటి కలుపుతా. అద్దాలు మూసిన కింది హాల్లో కూర్చోకండి. లోపల నీళ్లు నిండితే అదే జాకెట్ మిమ్మల్ని పైకప్పుకి ఎత్తి పెడుతుంది, కిందికి మునిగి కిటికీలోంచి బయటికి రాలేరు. పైన, మెట్లకి దగ్గరగా కూర్చోండి. ఇంకోటి, ఏదో కనిపించిందని జనమంతా ఒకే పక్కకి వెళ్తే మీరు వెళ్లకండి, లాంచీ నడిపే సరంగు అరిచినా ఎవరూ వినరు.

పుట్టి మీద పెద్దాయన: చిన్నప్పుడు నాటు పడవ తిరగబడి నీళ్లలో పడ్డాను, అందుకని చెప్తున్నా. గట్టు ఎదురుగానే ఉంది కదాని ప్రవాహానికి అడ్డంపడి కొట్టుకుంటే రెండు నిమిషాల్లో చేతులు పడిపోతాయి. వెల్లకిలా తేలి, కాళ్లు నీరు పోయే వైపు పెట్టి, మెల్లగా గట్టు వైపుకి జరగాలి. చిన్న పడవైతే బోర్లా పడ్డా తేలుతుంది, దాన్ని వదలొద్దు. మునిగేవాణ్ణి చూసి దూకకండి, తాడో మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరండి. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ కూడా నమ్మకూడదమ్మా, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

సీలేరు పిల్ల: అమ్మకి అంతా చదివి వినిపించా. ఇప్పుడు వద్దనట్లేదు, పాపకి జాకెట్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమంటోంది.