సమస్యాపూరణం: కాలి బరువు పెరిగెఁ గాదె యినుము

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇది. యతి కా–గా. కాలింది తేలికవ్వాలి కదా అన్న చిక్కును విప్పండి. ఛందస్సుతో పాటు రసాయనమూ నిలవాలి.

తులసూచి:
ఆమ్లజనినిఁ గాలియందుండి కైకొని
యినుప పీచు మండె నెఱ్ఱగాను
తూచినంత నిజము తులలోనఁ దెలిసెను
కాలి బరువు పెరిగెఁ గాదె యినుము

నిర్వాహకుడు: నిర్దుష్టం. "గాను" మాత్రం పాదం నింపడానికి వచ్చింది; "నెఱ్ఱనగుచు" అంటే సరి. లెక్క: 168 గ్రాముల ఇనుము 64 గ్రాముల ఆక్సిజన్‌ను (పద్యంలోని ఆమ్లజని) పట్టుకుని 232 గ్రాముల నల్ల ఆక్సైడ్ అవుతుంది.

ముడిలోహం:
కట్టె కాలెనేని గాలిలోఁ బొగ యయ్యె
బూది కొంత మిగిలెఁ బొయ్యిలోన
పోవు వాయువేది పుట్టకుండుటఁ జేసి
కాలి బరువు పెరిగెఁ గాదె యినుము

తులసూచి: మూడో పాదమే ప్రాణం. మొదటి పాదంలో పొగ సరిపడదు. కట్టె బరువులో ఎక్కువ భాగాన్ని మోసుకుపోయేవి కంటికి కనబడని కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి. "గాలిలోఁ గలియును" అనండి.

కొత్తకలం: ఇది తూచి చూపడం ఎలాగండీ? నేను చేస్తే తగ్గుతోంది!

ముడిలోహం: పీచుకు తుప్పు పట్టకుండా పూసిన నూనె కాలిపోతుందండీ, ఆ తరుగే మీకు కనబడేది. అసిటోన్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే నిప్పు దగ్గరికి తేవాలి. అతి సన్నని పీచు 5 గ్రాములు తీసుకుని వదులుగా విడదీయండి. ముద్దగా ఉంటే లోపలికి గాలి అందక ఆరిపోతుంది. వెడల్పాటి లోహపు పళ్లెంతో సహా తూచండి, రవ్వలు బయట పడితే ఆ బరువూ పోయినట్టే. పూర్తిగా చల్లారాకే మళ్లీ తూచాలి, వేడిగాలి పైకి లేస్తూ త్రాసును తక్కువ చూపిస్తుంది. 5 గ్రాములు 6.9 దాకా పెరగాలి గానీ, అంతా కాలదు కనుక అంత రాదు.

కొత్తకలం:
నిప్పులోని వేడి నిండుగాఁ జొరఁబాఱి
లోహమునకుఁ గొత్త బలము నిచ్చె
మంట యడఁగినంత మఱి నల్లఁబడెఁ జూడ
కాలి బరువు పెరిగెఁ గాదె యినుము

నిర్వాహకుడు: రెండో పాదంలో లో–బ యతి కుదరలేదు. భావం ఇంకా చిక్కు. నిప్పు కణాలు గాజును దాటి లోహంలో చేరతాయని 1673లో శాస్త్రవేత్త బాయిల్ కూడా అనుకున్నాడు. 1774లో ఫ్రెంచి రసాయనవేత్త లావోయిజే మూసిన పాత్రలో తగరాన్ని వేడిచేస్తే మొత్తం బరువు మారలేదు. మూత తీయగానే గాలి లోపలికి దూరి పెరిగింది. వేడే బరువైతే మూసి ఉండగానే పెరగాలి కదా! మూడో పాదంలో మంట కూడా వద్దు. మంటకు మండే వాయువు కావాలి, పీచు కణకణలాడుతుందంతే. ఇలా సవరించవచ్చు:

నిప్పు తగులఁ గాలి నిండుగాఁ జొరఁబాఱి
లోహమందుఁ జేరి లోననుండె
వేడి యడఁగినంత వెనువెంట నలుపెక్కె
కాలి బరువు పెరిగెఁ గాదె యినుము

తులసూచి: "గాలి" అన్నా చేరేది దాదాపు ఐదో వంతైన ఆక్సిజనే. పద్యానికి ఆ మాత్రం చనువు ఇవ్వవచ్చు లెండి.