విడిగా నిలబడే ప్లైవుడ్ అల్మారాకు రంగా, సన్మైకానా?

కాజీపేట రందా

సొంతంగా సామాన్ల అల్మారా చేసుకుంటున్నాం, పైన ఏం వేయాలి అని ఇక్కడ ఎవరు అడిగినా ఒకటే జవాబు వస్తోంది: సన్మైకా (పలక మీద అతికించే గట్టి లామినేట్ షీటు) వేయి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. కార్ఖానాలో చేసే పనికి అది సరైన సలహానే. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు క్లాంపులు, ఒక కటింగ్ మిషన్‌తో పనిచేసేవాళ్లకు మాత్రం రంగే మేలు.

లెక్క కోసం ఒక కొలత అనుకుందాం. ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, రెండు తలుపులు. గోడలో కలిపి కట్టేది కాదు, విడిగా నిలబడేది. దీనికి 18 ఎంఎం ప్లైవుడ్ 8×4 షీట్లు మూడు కావాలి. మొదటి దాంట్లో రెండు పక్కలు, ఒక అర వస్తాయి. రెండో దాంట్లో పైపలక, కిందిపలక, ఇంకో మూడు అరలు. మూడోది తలుపులకు. వెనక్కి 6 ఎంఎం షీటు ఒకటి. ఇప్పుడు సన్మైకా ఎంత పడుతుందో చూడండి. బయటి వైపు వేసి లోపలి వైపు వదిలేస్తే పలక వంగుతుంది, తలుపులైతే ఇంకా త్వరగా వంగుతాయి. అందుకని లోపల కూడా పలచని లైనర్ వేయాల్సిందే. ప్లైవుడ్ షీటు ఒక్కోదానికి రెండు చొప్పున ఆరు, వెనక పలకకు ఇంకోటి. అదే రంగైతే ప్రైమర్ రెండు లీటర్లు, ఎనామిల్ మూడు నాలుగు లీటర్లతో అయిపోతుంది.

ఖర్చు ఒక ఎత్తు, బాగుచేసుకునే వీలు ఇంకో ఎత్తు. సన్మైకా కింద గాలి నిలిస్తే ఆ బుడగ ఇక పోదు. అంచు పెచ్చు లేస్తే అతుకు పడదు. మూడేళ్లకు ఒక తలుపు పాడైతే అదే డిజైన్ షాపులో దొరుకుతుందన్న నమ్మకం లేదు. రంగు మీద గీత పడిందా, గరుకు పేపర్ పట్టి ఆ ఒక్క తలుపుకు మళ్లీ వేసుకుంటాం. తన చేత్తో చేసుకున్న వస్తువును తన చేత్తోనే బాగుచేసుకోగలగాలి. నాకు ఇది అన్నిటికంటే పెద్ద కారణం. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

వడ్ల పని, కరీంనగర్

అన్నా, నేను ఈ పని మీదే బతికేవాణ్ణి, అందుకే గట్టిగా చెప్తున్నా. మీరు రంగు లీటర్లు లెక్కపెట్టారు గానీ చాకిరీ లెక్కపెట్టలేదు. ప్లైవుడ్ మీద నేరుగా ఎనామిల్ వేస్తే చెక్క పోగు పోగునా కనపడుతుంది. ముందు 120 నంబర్ పేపర్, తర్వాత ప్రైమర్, తర్వాత పుట్టీ, మళ్లీ 220 పేపర్, మళ్లీ ప్రైమర్, అప్పుడు రంగు రెండు కోట్లు (పూతలు). మధ్యలో మళ్లీ పేపర్. ప్రతి దాని తర్వాతా ఆరబెట్టాలి. సన్మైకా అయితే ఈ రోజు అతికించి రేపు తలుపుల కబ్జాలు (హింజిలు) బిగించొచ్చు.

రెండో మాట. ఇది బట్టల అల్మారా కాదు. అరల మీద డ్రిల్ మిషన్, సుత్తె, మేకుల డబ్బా రోజూ అటూ ఇటూ జరుపుతారు. ఎంత మంచి ఎనామిల్ అయినా ఆ రాపిడికి నెలల్లోనే లేస్తుంది. గ్రీజు మరక సన్మైకా మీద గుడ్డతో తుడిస్తే పోతుంది, రంగు మీద నీడలా ఉండిపోతుంది.

బుడగ భయం కూడా అనవసరం. ఫెవికాల్ పలచగా సమంగా పరిచి, పైన ఇంకో ప్లైవుడ్ షీటు వేసి, దాని నిండా ఇటుకలు పేర్చండి. తెల్లారేసరికి పట్టేస్తుంది. మా నాయన ప్రెస్ మిషన్ చూడకుండానే జీవితమంతా ఇట్లనే పనిచేశాడు.

సుబేదారి టీచర్

రంగు అనగానే ఇద్దరూ ఆయిల్ ఎనామిల్ ఒక్కదాని గురించే మాట్లాడుతున్నారు. నీళ్లతో కలిపే ఎనామిల్ ఇప్పుడు హన్మకొండలో ఏ పెయింట్ షాపులోనైనా దొరుకుతోంది. నేను దసరా సెలవుల్లో ఇంట్లో పుస్తకాల అరకు అదే వేశాను. పిల్లలున్న ఇల్లు కాబట్టి టర్పెంటాయిల్ వాసన భరించలేమనే దాన్ని ఎంచుకున్నాం.

రెండింటికీ తేడా వాసన ఒక్కటే కాదు. ఆయిల్ ఎనామిల్‌లో తెలుపు వెలుతురు తగలని చోట పసుపు తిరుగుతుంది. అల్మారా లోపల ఎప్పుడూ చీకటే కదా. బయట తలుపు తెల్లగా, తెరిస్తే లోపల పాలిపోయిన పసుపు కనపడుతుంది. నీళ్ల ఎనామిల్‌కు ఆ బాధ లేదు. దాని లోపం వేరే ఉంది. ముట్టుకుంటే గంటలో ఆరినట్టు ఉంటుంది, లోపల గట్టిపడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఈలోగా తలుపు మూసేస్తే ఫ్రేముకు అంటుకుంటుంది, లాగితే పొర ఊడి వస్తుంది.

ఇంకొకటి, పాత డబ్బాల్లో మిగిలిన రంగు ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోకండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. అంతకుముందు డబ్బాలో ఏముందో చూసి చెప్పలేం. తర్వాత పేపర్ పట్టినప్పుడు లేచే దుమ్ము మనమే పీలుస్తాం, పిల్లలూ పీలుస్తారు.

ఖని క్వార్టర్

గోదావరిఖని నుంచి రాస్తున్నాను. మేం సింగరేణి క్వార్టర్‌లో ఉంటాం. ఎప్పుడు ఏ క్వార్టర్ మారతామో తెలియదు, రిటైరయితే ఖాళీ చేసి వెళ్లాలి. గోడలో కట్టించిన అల్మారా మనతో రాదు, అందుకే విడిగా నిలబడేది చేసుకుందామనుకుంటున్నాను. నా ప్రశ్న రంగు గురించీ సన్మైకా గురించీ కాదు. ఇనుప బీరువా ఒకటి కొనుక్కుంటే ఈ గొడవే లేదని ఇంట్లో అంటున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి? ట్రాలీ ఆటోలో ఎక్కించి దించినప్పుడు మీ రెండింటిలో ఏది తట్టుకుంటుంది?

కాజీపేట రందా

ఖని అన్నా, ఇనుప బీరువా అరలు పలచని రేకు. బట్టలకు సరే, రంపాలు, స్క్రూల డబ్బాలు పేరిస్తే మధ్యలో దిగుతాయి. కొలతలు కూడా వాళ్లు చేసినవే మనకు గతి. మీ డ్రిల్ మిషన్ ఎత్తుకు, మీ డబ్బాల లోతుకు అర పెట్టుకోవాలంటే చెక్కే చేసుకోవాలి.

అయితే చెక్క అర కూడా దిగుతుంది. అదే బరువు మీద అర పొడవు రెండింతలైతే వంపు దాదాపు ఎనిమిదింతలవుతుంది. అందుకే మూడడుగుల అరను నిలువునా ఒక పలకతో మధ్యలో ఆపండి. అది కుదరకపోతే ముందు అంచు కింద రెండంగుళాల టేకు పట్టీ నిలువుగా కొట్టండి. ఆటోలో ఎక్కించేటప్పుడు పక్కలు కదలకుండా పట్టుకునేది వెనకున్న 6 ఎంఎం షీటు. దాన్ని బిగించే ముందు టేపుతో మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి, రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక మూల గునియా (మూలమట్టం) పెట్టి చూసినంత మాత్రాన మొత్తం పెట్టె చదరంగా ఉన్నట్టు కాదు. అది వంకరగా ఉంటే తలుపులు ఎప్పటికీ సరిగ్గా మూతపడవు, పైన ఏం వేసినా లాభం లేదు.

తట్టుకోవడం అంటారా, దెబ్బ తగిలితే రెండూ పెచ్చు లేస్తాయి. కొత్త ఇంటికి వెళ్లాక దేన్ని మనమే సరిచేసుకోగలం అన్నదే నా వాదన.

నిర్మల్ రంగులు

చెక్క మీద రంగు నిలవదని కరీంనగర్ తమ్ముడు అంటుంటే ఊరుకోలేకపోతున్నాను. మా ఊరు బతికిందే చెక్క మీద రంగుతో. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర మెత్తన, తేలిక. దాని మీద నేరుగా రంగు వేయరు. చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపి అతుకులు, గుంతలు పూడ్చి, నున్నగా చేసి, ఆరాక రంగులోకి వస్తారు. అటు చేర్యాలలో కూడా అంతే. బొమ్మల పటానికి ముందు ఖాదీ గుడ్డకు సుద్ద, గంజి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పట్టిస్తారు. రంగు నిలిచేది ఈ అడుగు పని మీద. మీరు పుట్టీ, ప్రైమర్ అని చాకిరీగా లెక్కపెట్టిందే అసలు పని తమ్మీ.

అల్మారాలో ఈ అడుగు పని అన్నిటికంటే ఎక్కువ అంచుల దగ్గర కావాలి. ప్లైవుడ్ అడ్డకోతలో పొరలన్నీ నోరు తెరుచుకుని ఉంటాయి. పలక ముఖం తాగే ప్రైమర్‌కు ఎన్నో రెట్లు ఆ అంచు తాగుతుంది. అక్కడ ఒక్క కోటుతో సరిపెట్టి, ముఖానికి మూడు కోట్లు వేసేవాళ్లను చాలామందిని చూశాను. ఏడాది తిరిగేసరికి తలుపు కింది అంచు నుంచే ఉబ్బు మొదలవుతుంది.

వడ్ల పని, కరీంనగర్

పెద్దాయన చెప్పిన అంచు మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నేనైతే అంచుకు టేకు బీడింగ్ (సన్నని పట్టీ) కొడతాను, పుట్టీతో వదిలిపెట్టను. ఆ బీడింగ్ మీద ఆయిల్ రంగు వేసేవాళ్లు ముందు థిన్నర్ తడిపిన గుడ్డతో తుడవండి. టేకులో ఉండే నూనె వల్ల రంగు ఆరదు, జిడ్డుగా ఉండిపోతుంది.

నిర్మల్ బొమ్మను షోకేసులో పెడతాం, దాని మీద సుత్తె పెట్టం. అక్కడ నా మాట మార్చుకోను. పైగా రంగు వేసే కాలం గురించి ఎవరూ మాట్లాడలేదు. సన్మైకాకు వానాకాలం, ఎండాకాలం అంత తేడా లేదు. మన దగ్గర రంగుకు ఏడాదిలో సగం రోజులు పనికిరావు.

కాజీపేట రందా

తమ్మీ, కాలం మాట ఎత్తినందుకు సంతోషం, అది నేనే రాద్దామనుకున్నాను. మే నెలలో వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది, రేకుల షెడ్డు లోపల అంతకంటే ఎక్కువే. బ్రష్ పెట్టి రెండో గీత లాగేలోపు మొదటి గీత ఆరిపోయి చారలు నిలుస్తాయి. వడగాలికి లేచిన దుమ్మంతా తడి రంగు మీదే వాలుతుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఇంకో బాధ. గాలిలో తేమకు ఆయిల్ ఎనామిల్ రాత్రంతా ఉంచినా వేలు అంటుతుంది, నీళ్ల ఎనామిల్ ఇంకా ఆలస్యం. ప్లైవుడ్ కూడా తేమ పీల్చుకుని ఉంటుంది, ఆ తేమను లోపల పెట్టి పైన మూసేసినట్టవుతుంది. కాబట్టి కోత, బిగింపు ఎప్పుడైనా చేసుకోండి. రంగు మాత్రం దసరా తర్వాత మొదలుపెట్టి హోలీ లోపు ముగించండి. ఆ నెలల్లో పొద్దున మంచు విడిచాక పదింటికి మొదలుపెడితే సాయంత్రానికి కోటు ఆరుతుంది. ఇల్లుగలవాడికి తొందర లేదు, గిరాకీకి తేదీ ఇచ్చిన వడ్ల ఆయనకు ఉంటుంది. మన ఇద్దరి సలహాలు వేరుగా ఉండటానికి అసలు కారణం ఇదే.

వాన అంటే ఇంకో సంగతి కూడా ఉంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అదే వానలకు హన్మకొండలో హంటర్ రోడ్డు పక్క కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అట్లాంటి నీటి ముందు రంగూ ఆగదు, సన్మైకా ఆగదు. ఆగేది లోపలి జిగురు. మామూలు ఎంఆర్ (తేమను మాత్రమే ఓర్చుకునే రకం) ప్లైవుడ్ నాలుగు రోజులు నానితే పొరలు విడిపోతాయి. ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌లో వాడేది ఫినాలిక్ జిగురు, అది నీళ్లను తట్టుకుంటుంది. మొత్తం దాంతో చేయలేకపోతే కనీసం పక్కలు, కిందిపలక అయినా దాంతో చేయండి. కింద నాలుగంగుళాల కాళ్లు పెట్టి, కాళ్ల అడుగుకు పీవీసీ ముక్కలు కొట్టండి. చెదలు ఎక్కినా కంటికి కనపడుతుంది. నేలకు ఆనుకుని ఉంటే లోపల సగం తినేదాకా తెలియదు.

అరల మీద రాపిడి సంగతికి నా జవాబు: రబ్బరు షీటు కోసి పరుచుకోండి.

వడ్ల పని, కరీంనగర్

రబ్బరు వద్దన్నా. వానాకాలం దాని కింద చెమ్మ నిలుస్తుంది, పైన పెట్టిన ఉలి, రందా బ్లేడు తుప్పు పడతాయి. అరలు విడిగా తీసి పెట్టేవే కదా. ఆ నాలుగు పలకలకు మాత్రం రెండు వైపులా సన్మైకా వేయండి. మూడడుగుల ముక్కలు, ఇంట్లో ఇటుకల బరువుతోనే పట్టేస్తాయి. పక్కలకు, తలుపులకు మీ ఇష్టం వచ్చిన రంగు వేసుకోండి. అక్కడ రాపిడి లేదు కాబట్టి నేను పోట్లాడను.

సుబేదారి టీచర్

ఇది నాకు నచ్చింది. లోపలి పక్కలకు నీళ్ల ఎనామిల్ తెలుపు వేయండి, ఏ డబ్బా ఎక్కడుందో వెతుక్కోకుండా కనపడుతుంది. తలుపులు బిగించే ముందు పడుకోబెట్టి వేస్తే రంగు కారదు. వేశాక కనీసం రెండు వారాలు గొళ్లెం పెట్టకండి.

కాజీపేట రందా

అరలకు సన్మైకా అంటే సరే, తమ్ముడు చెప్పిన రాపిడి నిజమే. తలుపుల విషయంలో మాత్రం నేను రంగు దగ్గరే ఉంటాను.

ఖని క్వార్టర్

నేను అరలకు సన్మైకా, మిగతాదానికి రంగు అనుకుంటున్నాను. ప్లైవుడ్ ఇప్పుడే తెచ్చి కోసి పెట్టుకుంటాను, రంగు దసరా తర్వాత. ఒక్క సందేహం. ఇంట్లో చిన్న మనవడు ఉన్నాడు. ఆరడుగుల అల్మారా, తలుపులు రెండూ తెరిచి కింది అర ఎక్కితే ముందుకు పడుతుందా?

వడ్ల పని, కరీంనగర్

పడుతుంది సార్. తలుపులు తెరిస్తేనే బరువు ముందుకు వస్తుంది. బరువైన సామానంతా కింది అరల్లో పెట్టండి, పైన తేలికవి. పైపలక వెనక అంచు దగ్గర రెండు ఎల్ క్లాంపులు కొట్టి గోడకు ప్లగ్గు వేసి బిగించండి. క్వార్టర్ మారేటప్పుడు ఆ రెండు స్క్రూలు విప్పితే చాలు, అల్మారా మీతో వస్తుంది.