దానిమ్మ కొమ్మ నాటేటప్పుడు ఆకులు ఉంచాలా, దూసెయ్యాలా?

ఎర్రనేల: భగువా రకం దానిమ్మ కొమ్మలు కవర్లలో నాటబోతున్నాం. పైన రెండాకులుంటే వేరు త్వరగా వస్తుందని ఒకరు, ఒక్క ఆకూ ఉండకూడదని ఇంకొకరు. ఏది నిజం?

అంట్లమడి: దూసెయ్యండి. పెన్సిల్ మందం, 20–25 సెం.మీ. పొడవున్న ముదురు కొమ్మ తీసుకుని, కింది కణుపుకు ఆనుకుని కోయండి. వేరుకు పెట్టుబడి ఆ కొమ్మలో నిల్వ ఉన్న పిండిపదార్థమే. వేరు రాకముందు ఆకు ఉంటే ఉన్న తేమ కాస్తా ఆవిరైపోతుంది.

నిమ్మవనం: ఆకు తేమ పోగొట్టడమే చూస్తున్నారు. ఆహారం తయారయ్యేదీ దానిలోనే. మొగ్గల్లో, లేతాకుల్లో పుట్టిన ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి కోత దగ్గర చేరితేనే వేరు మొదలవుతుంది. సగం ముదిరిన నిమ్మ కొమ్మకు ఆకులన్నీ దూస్తే వేరు రాకముందే నల్లబడి కుళ్లుతుంది. పైన రెండు మూడు ఉంచి, పెద్దవైతే సగానికి కత్తిరించాలి.

అంట్లమడి: అడిగింది దానిమ్మ గురించి. నిమ్మ ఎందుకు తెచ్చారు?

సీతాఫలం: పై కోత అడ్డంగా, కింది కోత ఏటవాలుగా పెట్టుకోండి. నాటేటప్పుడు తలకిందులు కావు.

మిద్దెసాగు: వేరు పుట్టించే హార్మోన్ ఐబీఏలో ముంచితే ఆకులతో పనేముంది?

నిమ్మవనం: ఐబీఏ వేరు పుట్టిస్తుంది, ఆహారం ఇవ్వదు. 2000 పీపీఎం ద్రావణం అంటే లీటరుకు 2 గ్రాములు. పొడి నేరుగా నీళ్లలో సరిగా కరగదు, ముందు ఆల్కహాల్‌లో కరిగించాలి. కొన్ని సెకన్లు ముంచి తీసెయ్యాలి. గంటలకొద్దీ నానబెడితే కొన మాడుతుంది.

కొండగాలి: చిగుళ్లు చూసి నర్సరీలో కొన్న దానిమ్మ మొక్కలు పొలంలో ఎండిపోయాయి. కవర్ చించితే కోత దగ్గర తెల్లటి బుడిపె తప్ప వేరు లేదు. ఆకుల మాట నాకు చెప్పకండి!

నిమ్మవనం: అవి మనం ఉంచిన ముదురాకులు కావు, కొత్త చిగుళ్లు. కాస్త విచ్చుకునేదాకా చిగురు తయారుచేసే దానికన్నా వాడుకునేదే ఎక్కువ. వేరుకు దక్కాల్సిన నిల్వ దానికే పోయింది. బుడిపె కనిపించినంత మాత్రాన వేరు వచ్చినట్టు కాదు.

అంట్లమడి: మీకు సన్నటి తుంపరతో తేమ నిలిపే మిస్ట్ చాంబర్ ఉంది కాబట్టి ఆకులుంచమంటున్నారు. అనంతపురం ఎండలో గంటకోసారి నీళ్లు చల్లడానికి రైతు దగ్గర మనిషెక్కడ? మీ రెండాకులు మధ్యాహ్నానికే చుట్టుకుపోతాయి!

నిమ్మవనం: ఆ మాట మొదటే అనాల్సింది. వాడిన ఆకులో పత్రరంధ్రాలు మూసుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోదు, ఆహారం తయారుకాదు. తేమ నిలపలేని చోట దూసిన ముదురు కొమ్మే నాటండి, ఒప్పుకుంటా. నిమ్మకూ జామకూ మాత్రం అదే చెప్పకండి. షేడ్‌నెట్ కింద పాలిథిన్ గుడారం వేస్తే తేమ నిలుస్తుంది. నేరుగా ఎండ తగిలితే లోపల ఉడికిపోతాయి.

అంట్లమడి: గుడారంలో రాలిన ఆకు రోజూ ఏరకపోతే బూజు పక్క కొమ్మకు పాకుతుంది. అదీ మనిషి పనే. ఎర్రనేల గారూ, మీరు దూసే నాటండి.