అప్‌డేట్: అమ్మతో జైసల్మేర్ కోట ఎక్కేశాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మనీ ఆరేళ్ల పాపనీ తీసుకుని డిసెంబర్‌లో రాజస్థాన్‌లోని జైసల్మేర్ కోటకి వెళ్లొచ్చా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం.

అఖై పోల్ (పోల్ అంటే ద్వారం) దగ్గర ఆటో దిగాం. అక్కణ్ణుంచి సూరజ్ పోల్, గణేశ్ పోల్, హవా పోల్ దాటుకుంటూ పైకి నడవాలి. మెట్లు కాదు, రాళ్లు పరిచిన ఏటవాలు దారి. అరిగి నున్నగా ఉంది, జారుతుంది. ప్రతి ద్వారం దగ్గరా అమ్మ కాసేపు కూర్చుంది. నిజానికి ఆయాసపడింది నేనే!

1156లో రావల్ జైసల్ కట్టించిన కోట ఇది. 99 బురుజులు. ఇప్పటికీ లోపల జనం కాపురముంటున్నారు. డాబాల మీద ఆరేసిన దుప్పట్లు చూసి అమ్మ, "ఇది కోటేంట్రా, మన వీధిలాగే ఉంది" అంది. తర్వాత ఒకావిడతో అరగంట ముచ్చట్లు. ఇద్దరికీ భాష రాదు.

జైన దేవాలయాలకి మాత్రం పొద్దున్నే వెళ్లండి. మేం భోంచేసి వెళ్లేసరికి తలుపులు మూసేశారు. ఆ బాధ ఇంకా ఉంది.

స్వెట్టర్లు తీసుకెళ్లమన్నవాళ్లకి దండాలు. సాయంత్రం గడీసర్ చెరువు గట్టున పాప పళ్లు టకటకలాడాయి. దూరంగా కోట బంగారు రంగులో మెరుస్తోంది. ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది, ఫోటో లేదు.