ల్యాబ్ రిపోర్టులు, అపాయింట్‌మెంట్లు మెయిల్‌లో పంపేవాళ్లు ఏం జాగ్రత్త పడుతున్నారు?

కాలువగట్టు (భీమవరం)
నమస్కారమండి. మాది ఇద్దరు మనుషుల సాఫ్ట్‌వేర్ దుకాణం. ఇన్నాళ్లూ రొయ్యల చెరువుల లెక్కలు, మేత బిల్లులు చేసుకుంటూ బతికాం. ఇప్పుడు ఒకేసారి రెండు వైద్యం పనులు వచ్చాయి. ఇక్కడి ల్యాబ్‌లో రిపోర్టు రెడీ అవగానే పేషెంటుకి మెయిల్ వెళ్లాలి. రెండోది మా బావ ద్వారా వచ్చింది, అమెరికాలో ఒక పిల్లల క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ గుర్తుచేసే మెయిళ్లు. మేత బిల్లులు పంపే సర్వీసునే రెండింటికీ తగిలించేద్దామనుకున్నాం. క్లినిక్ వాళ్లు "మీ మెయిల్ సర్వీసుతో బీఏఏ ఉందా?" అని అడిగేసరికి ఆగిపోయాం. ఆ సర్వీసు సైట్లో తాళం బొమ్మ ఉంది, ఎన్‌క్రిప్షన్ అని రాసి ఉంది. అది చాలదా?

బిల్లింగ్ బండి (కాకినాడ)
చాలదండి. పదకొండేళ్లుగా అమెరికా క్లినిక్‌ల బిల్లింగ్ చేస్తున్నా, మొదట్లో నేనూ ఇలాగే అనుకున్నా. బీఏఏ అంటే బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్. అమెరికాలో పేషెంటు సమాచారాన్ని కాపాడే 1996 నాటి హిప్పా చట్టం కింద, పేషెంటు సమాచారం ఎవరి చేతుల్లోంచి వెళ్తుందో వాళ్లు వరసగా రాసుకోవాల్సిన కాగితం. క్లినిక్ మీతో రాసుకుంటుంది, మీరు మెయిల్ సర్వీసుతో రాసుకోవాలి. తాళం ఎంత గట్టిదైనా ఆ కాగితం లేకపోతే లెక్కలోకి రాదు. అమెజాన్ వాళ్ల మెయిల్ పంపే సర్వీసు ఎస్ఈఎస్, హిప్పా పనులకి వాడొచ్చని వాళ్లిచ్చే జాబితాలో ఉంది. కానీ అకౌంటు తెరవగానే అయిపోదు, అందులోకి వెళ్లి బీఏఏని మనం ఒప్పుకోవాలి. గూగుల్‌లో డబ్బు కట్టే వర్క్‌స్పేస్‌కి బీఏఏ ఇస్తారు, ఊరికే వచ్చే జీమెయిల్‌కి ఇవ్వరు.

కాలువగట్టు
ఒక అనుమానం. మెయిల్ సర్వీసు పోస్టుమాన్ లాంటిదే కదా? కవరు విప్పి చదవడు కదా. పోస్టాఫీసుతో ఎవరూ అగ్రిమెంటు రాసుకోరుగా?

బిల్లింగ్ బండి
మంచి ప్రశ్న. పోస్టాఫీసుకి, ఇంటర్నెట్ లైన్ ఇచ్చేవాడికి నిజంగానే మినహాయింపు ఉంది. కానీ మీ పోస్టుమాన్ ప్రతి కవరు మీదా ఏముందో పుస్తకంలో రాసి పెట్టుకుంటాడు. ఎవరికి వెళ్లింది, సబ్జెక్టు ఏంటి, ఎప్పుడు తెరిచారు, ఏ లింకు నొక్కారు, అన్నీ లాగ్‌లో ఉంటాయి. దాచి పెట్టుకునేవాడు పోస్టుమాన్ కాడు. సమాచారం తాళం వేసి ఉండి, తాళంచెవి వాడి దగ్గర లేకపోయినా సరే, దాచేవాడు బిజినెస్ అసోసియేటే అని అమెరికా ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. పిల్లాడి పేరు, క్లినిక్ పేరు ఒక మెయిల్‌లో కలిస్తే అదే పేషెంటు సమాచారం. జబ్బు పేరు రాయకపోయినా అంతే.

ఇంకోటి. ఓపెన్ ట్రాకింగ్, క్లిక్ ట్రాకింగ్ ఆపేయండి. ఎస్ఈఎస్‌లో టీఎల్ఎస్ (దారిలో మెయిల్‌కి వేసే ఎన్‌క్రిప్షన్) తప్పనిసరి అని పెట్టుకోండి. లేకపోతే అవతలి సర్వరుకి ఎన్‌క్రిప్షన్ రాకపోతే మెయిల్ బట్టలిప్పుకుని వెళ్లిపోతుంది. తప్పనిసరి చేస్తే కొన్ని వెనక్కి వస్తాయి, వాటికి ఫోన్ చేసుకోవడమే.

సూదిమందు (పాలకొల్లు)
ల్యాబ్‌లో పని చేస్తానండి. మీరు సర్వర్ల గురించి మాట్లాడుకుంటున్నారు, మా దగ్గర గొడవ కౌంటరు దగ్గరే మొదలైంది. గతేడాది మెయిల్ ఐడీల జాబితా సర్దుతుంటే ఒకే ఐడీ పందొమ్మిది మంది పేషెంట్ల పేరు మీద కనిపించింది. ఎవరిదా అని చూస్తే లంక ఊళ్లో నెట్ సెంటర్ కుర్రాడిది. ఫారాలు నింపేటప్పుడు "మెయిల్ లేదండి" అన్నవాళ్లందరికీ తనదే రాసేశాడు, పాపం మంచికే. వాళ్ల రిపోర్టులన్నీ ఏళ్ల తరబడి అతనికి వెళ్లాయి. షుగరు, థైరాయిడ్ సరే. ప్రెగ్నెన్సీ టెస్టులు, వీడీఆర్ఎల్ (సిఫిలిస్ టెస్టు), హెచ్ఐవీ కూడా. దేనికీ ఎన్‌క్రిప్షన్ లోపం లేదు, అన్నీ భద్రంగా చేరాయి. చేరాల్సిన చోటికి కాదు, అంతే.

రాజోలు అబ్బాయి (న్యూజెర్సీ)
అమ్మ రిపోర్టులు నాకు మెయిల్‌లోనే వస్తాయి, కాబట్టి పూర్తిగా మానేయకండి బాబూ. కానీ ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పుట్టినతేదీ. మా అమ్మది ఆధార్‌లో జనవరి 1. నాన్నది జనవరి 1. మా వీధిలో సగంమంది పెద్దవాళ్లది జనవరి 1. సంవత్సరం ఒక్కటి ఊహిస్తే చాలు. పైగా "మీ పాస్‌వర్డ్ మీ పుట్టినతేదీ" అని అదే మెయిల్‌లో రాసి పంపుతారు!

కాలువగట్టు
నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. మరి పాలకొల్లు, భీమవరం ల్యాబ్‌లకి హిప్పా వర్తించదు కదా? మనకేముంది?

నల్లకోటు (రాజమండ్రి)
మన పేషెంట్లతో మన ల్యాబ్‌కి హిప్పాతో పని లేదు. అలాగని ఇక్కడ చట్టాలు లేకపోలేదండి. ఐటీ చట్టం 43ఏ కింద వచ్చిన 2011 నియమాల్లో మెడికల్ రికార్డులు సున్నితమైన సమాచారం. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై చేశారు, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. భద్రత సరిగా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. మీ మెయిల్ సర్వీసు తప్పు చేసినా బాధ్యత ల్యాబ్‌దే, కాబట్టి ఇక్కడా వాళ్లతో కాంట్రాక్టు ఉండాలి. సూదిమందు గారు, మీరు హెచ్ఐవీ అన్నారు కాబట్టి చెప్తున్నా, దానికి 2017 చట్టం విడిగా ఉంది. ఆ సమాచారాన్ని కాపాడే ఏర్పాట్లు ఉండాలని అందులోనే రాసి ఉంది. ఆ గడువు ఈ గడువు అని చూడకుండా ఆ టెస్టుని ముందు మెయిల్ జాబితాలోంచి తీసేయించండి.

సూదిమందు
తీసేశామండి. హెచ్ఐవీ చేతికే ఇస్తాం, మాట్లాడి ఇస్తాం. మిగతావాటికి సబ్జెక్టులో టెస్టు పేరు ఉండదు. "మీ రిపోర్టు సిద్ధంగా ఉంది" అని ఒక లింకు, నొక్కితే ఫోన్‌కి ఓటీపీ.

బిల్లింగ్ బండి
అది బాగుంది. కాలువగట్టు గారూ, టెస్టింగ్‌కి అసలు పేషెంట్ల జాబితా వాడకండి. మా దగ్గర ఒక కొత్త కుర్రాడు "హలో హలో టెస్ట్" అని అరవైమందికి కొట్టాడు, అందరి అడ్రసులూ అందరికీ కనిపించేలా. పేషెంట్లకి చెప్పడానికి హిప్పా గరిష్ఠంగా 60 రోజులు ఇస్తుంది. అరవైమందికీ ఉత్తరాలు రాశాం. 500 దాటి ఉంటే ఆ 60 రోజుల్లోనే ప్రభుత్వానికీ, వాళ్ల టీవీలకీ, పేపర్లకీ కూడా చెప్పాల్సి వచ్చేది.

కాలువగట్టు
పది రోజుల తర్వాత వస్తున్నా. క్లినిక్ పనికి ఎస్ఈఎస్‌లో విడిగా అకౌంటు తెరిచి బీఏఏ చేశాం. మేత బిల్లులు దాని జోలికి రావు. మెయిల్‌లో తేదీ, టైము, ఫోన్ నంబరు తప్ప ఏమీ ఉండదు, పిల్లాడి పేరు కూడా తీసేశాం. "ఏ పిల్లాడికో మాకెలా తెలుస్తుంది" అని ఇద్దరు తల్లులు ఫోన్ చేశారట. చేయనివ్వండి.

ల్యాబ్ సంగతే తేలలేదు. పాలకొల్లు మాట విని జాబితా చూశా, మా దగ్గరా ఒకే ఐడీ పదకొండు మందికి ఉంది. లింకు, ఓటీపీ పెడదామంటే ఓనరు గారు ఒక ప్రశ్న వేశారు. "ఆవిడ ఫోనే లేదయ్యా, నంబరు కోడలిది. ఓటీపీ ఎవరికి వెళ్తుంది?"

సూదిమందు
మేము రక్తం తీసేటప్పుడే అడుగుతాం, "రిపోర్టు ఎవరు చూడాలమ్మా?" అని. కోడలు పక్కనుంటే బయట కూర్చోమంటాం. సగంమంది "కాగితం ఇచ్చెయ్యి బాబూ, నేనే వచ్చి పట్టుకెళ్తా" అంటారు.