రామప్ప, వేయిస్తంభాల గుడి తీయడానికి గట్టి 4×5 ఫోల్డింగ్ కెమెరా ఏది?

కాజీపేట ఫొటో:
అన్నలూ, వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణాలు, పాలంపేట రామప్ప, అన్నీ 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ మీద తీయాలని ఎప్పటినుంచో ఉంది. కెమెరా బ్యాగులో వేసుకుని బైక్ మీద తిరుగుతా. మే ఎండకి చెక్క బిగుసుకుపోయి పగులుతుందేమో, వానాకాలం ఉబ్బుతుందేమో అని టెన్షన్. మెటల్ తీసుకోనా, చెక్కదా? సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, ఏళ్లకేళ్లు ఆగాలి.

చీకటిగది:
బైక్ మీద అంటున్నావు కాబట్టి మెటలే తమ్మీ. లిన్‌హాఫ్ టెక్నికా, టోయో 45ఎ, విస్టా మెటల్ మోడళ్లు మడిస్తే పెట్టెలాగా మూసుకుంటాయి, బెలోస్, అంటే లెన్స్‌కి ఫిల్మ్‌కి మధ్య ఉండే మడతల గొట్టం, లోపల భద్రంగా ఉంటుంది. బరువు మాత్రం లెన్స్ లేకుండానే రెండున్నర కిలోల పైన. పాతది కొంటే బాడీ మీద గీతలు పట్టించుకోకు, ముందు పోయేది బెలోసే. చీకటి గదిలో దాన్ని పూర్తిగా సాగదీసి లోపల ఫోన్ టార్చ్ పెట్టి మడతల మూలలు చూడు, ఎక్కడ చుక్కలా వెలుతురు కనిపించినా అది ఫిల్మ్ మీద పడుతుంది. నాబ్‌లన్నీ బిగించాక ముందు స్టాండర్డ్‌ని, అంటే లెన్స్ బిగించే చట్రాన్ని, వేలితో కదిపి చూడు, ఊగితే వదిలెయ్.

తోరణం:
చెక్కని అంత తీసిపారేయొద్దన్నా. చెర్రీ చెక్కతో చేసిన పాత విస్టా, తాచిహారా కెమెరాలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి, బరువు కిలోన్నర చుట్టూనే. ఎండలో ఆపిన బండి డిక్కీలో వదలకపోతే చాలు. తమ్ముడికి నేను చెప్పేది వేరే: రామప్ప ఎత్తైన వేదిక మీద ఉంది, కెమెరా తల పైకెత్తి తీస్తే స్తంభాలు లోపలికి వాలినట్టు వస్తాయి. కెమెరాని మట్టంగా పెట్టి లెన్స్‌ని పైకి జరపాలి, అదే ఫ్రంట్ రైజ్. క్రౌన్ గ్రాఫిక్ అనే పాత ప్రెస్ కెమెరా మస్తు గట్టిది, చవక కూడా, కానీ రైజ్ తక్కువ, దానితో వచ్చే 135 ఎం.ఎం. లెన్స్ వేసే బొమ్మ 4×5 ఫిల్మ్‌ని అంతంతమాత్రంగానే కవర్ చేస్తుంది, పైకి జరిపితే మూలలు నల్లబడతాయి. గుడులకి అది వద్దు.

కాజీపేట ఫొటో:
రైజ్ సంగతి నేను అసలు ఆలోచించలేదన్నా. మరి లెన్స్?

తోరణం:
మామూలు 150 ఎం.ఎం. ఎఫ్5.6తో మొదలుపెట్టు, రైజ్‌కి సరిపడా కవరేజ్ ఉంటుంది. వానాకాలం లెన్స్‌కి ఫంగస్ పట్టకుండా సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టు.

చీకటిగది:
ట్రైపాడ్‌కి పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకో తమ్మీ, లేదంటే గేటు దగ్గరే ఆపేస్తారు.