డయాలసిస్‌లో పాతవారి జీవన నాణ్యత స్కోరు కొత్తవారికంటే మెరుగ్గా వస్తోంది: దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: పీజీ విద్యార్థిని, కమ్యూనిటీ మెడిసిన్

అందరికీ నమస్కారం. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి మండలాల నుంచి హీమోడయాలసిస్‌కు వచ్చే కిడ్నీ రోగుల జీవన నాణ్యత మీద నేను ఎండీ థీసిస్ చేస్తున్నాను. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, అసలు అధ్యయనానికి ముందు కొద్దిమందితో పైలట్ పూర్తి చేశాను. అందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన, 26 ప్రశ్నలున్న డబ్ల్యూహెచ్‌ఓక్వాల్-బ్రెఫ్ ప్రశ్నావళిని వాడాను. శారీరక, మానసిక, సామాజిక, పరిసరాల విభాగాలకు విడివిడిగా 0 నుంచి 100 వరకు స్కోరు కట్టవచ్చు కనుక పట్టికలు వేయడం సులభమని మా గైడుగారు దీన్నే సూచించారు.

ఫలితాలు చూశాక రెండు సందేహాలు వచ్చాయి. మొదటిది, కొన్నేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నవారి మానసిక విభాగం స్కోరు, ఈ మధ్యనే మొదలుపెట్టినవారి స్కోరుకంటే బాగా మెరుగ్గా ఉంది. జబ్బు నయమయ్యేది కాదు, కిడ్నీ మార్పిడి జరిగే అవకాశం చాలామందికి లేదు, చేతిలో ఉన్న డబ్బు ఏటేటా కరిగిపోతుంది. అలాంటప్పుడు కాలం గడిచేకొద్దీ జీవితం బాగుపడుతున్నట్టు అంకెలు చెబుతుంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. రెండవది, ఈ ప్రశ్నావళిలో నొప్పి, ఓపిక, నిద్ర గురించి ఉంది గానీ, డయాలసిస్ రోగులు రోజంతా చెప్పుకునే దురద, పిక్కలు పట్టేయడం, గ్లాసుతో కొలుచుకుని తాగే నీళ్ళు, ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేయి గురించిన భయం, ఇవేవీ అందులో లేవు. ప్రశ్నావళిని మార్చాలా, ఇదే కొనసాగించాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకుడు

మీ రెండో సందేహం తేలికైనది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. డబ్ల్యూహెచ్‌ఓక్వాల్ చెడ్డ సాధనమేమీ కాదు. ఒక దేశంలో తయారుచేసి మిగతా దేశాల మీద రుద్దినది కాకుండా, 1990ల్లో 15 కేంద్రాలలో ఒకేసారి రూపుదిద్దుకున్నది. ఆ కేంద్రాలలో ఢిల్లీ, మద్రాసు కూడా ఉన్నాయి. రవాణా, డబ్బు, ఇల్లు, వైద్యసేవల అందుబాటు వంటివి అడిగే పరిసరాల విభాగం మీ ప్రాంతానికి నిజంగా పనికొస్తుంది. అయితే ఏ జబ్బుకైనా సరిపోయేలా చేసిన ప్రశ్నావళి ఏ ఒక్క జబ్బునూ లోతుగా పట్టుకోలేదు. కిడ్నీ రోగుల కోసమే చేసిన కేడీక్యూఓఎల్-36లో మొదటి 12 ప్రశ్నలు సాధారణ ఆరోగ్యం గురించి, తర్వాతి 4 జబ్బు మోపే భారం గురించి, 12 లక్షణాల గురించి, చివరి 8 నిత్యజీవితం మీద పడే ప్రభావం గురించి ఉంటాయి. మీరు రాసిన దురద, కండరాల పట్టు, ఫిస్టులా ఇబ్బంది, నీళ్ళ పరిమితి అన్నీ అందులో వస్తాయి.

ఒక హెచ్చరిక. ఆ మొదటి 12 ప్రశ్నలలో, ఒక మోస్తరు శ్రమకు ఉదాహరణలుగా మూల ప్రతిలో వాక్యూమ్ క్లీనర్ తోయడం, గోల్ఫ్ ఆడటం వంటివి ఇచ్చారు. జీడితోటలో పనిచేసే మనిషికి వాటి స్థానంలో అంతే శ్రమ ఉన్న పని చెప్పాలి. ఆ మార్పు మీరూ నేనూ కూర్చుని చేసేది కాదు. హక్కుదారుల అనుమతి, ఇద్దరు విడివిడిగా చేసిన అనువాదం, దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి పోల్చడం, కొందరు రోగులకు చదివి వినిపించి వారికి ఏమి అర్థమైందో అడగడం, ఇంత తతంగం ఉంటుంది. కాబట్టి ఆమోదం పొందిన తెలుగు ప్రతి ఏదో ముందుగా హక్కుదారులనే అడగండి. ఖర్చుకు తగ్గ ఫలితం లెక్కించే ఉద్దేశం ఉంటే తప్ప ఐదు ప్రశ్నల సాధారణ ఆరోగ్య ప్రశ్నావళి ఈక్యూ-5డీ-5ఎల్ జోలికి వెళ్ళవద్దు; భారతీయుల అభిప్రాయాల ఆధారంగా దానికి విలువల పట్టిక 2022లో వచ్చింది గానీ, మీ ప్రశ్న అది కాదు. అందరూ వాడుతున్నారన్న ఒక్క కారణంతో ప్రశ్నావళిని ఎంచుకున్న థీసిస్‌లు ఇప్పటికే మన లైబ్రరీల నిండా ఉన్నాయి.

ఇక మొదటి సందేహం. మీరు ఒకే సమయంలో కొత్తవారినీ పాతవారినీ అడిగారు. పాతవారంటే ఎవరు? డయాలసిస్ మొదలైన తొలి నెలల్లోనే మరణాలు ఎక్కువగా ఉంటాయని మీకు తెలుసు. అలా పోయినవారు, ప్రయాణం భరించలేక మానేసినవారు, వేరే ఊరికి వెళ్ళిపోయినవారు మీ పట్టికలో లేరు. మిగిలినవారు మొదటి నుంచీ గట్టిగా ఉన్నవారే అయి ఉండవచ్చు. అంటే, ఏ ఒక్కరి జీవితమూ కొంచెమైనా మెరుగుపడకుండానే సగటు పెరగగలదు.

దీనితోపాటు మనిషి కొలబద్దే మారిపోవడం ఉంది. దీన్ని పరిశోధకులు రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు. 1999లో స్ప్రాంగర్స్, ష్వార్ట్జ్ దీనికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చారు. జబ్బుతో కొన్నాళ్ళు గడిపిన మనిషికి 'బాగుండటం' అనే మాటకు అంతర్గత ప్రమాణం, విలువల ప్రాధాన్యం, ఆ భావన హద్దులు కూడా మారవచ్చు. దీన్ని కొలతలోని దోషంగా చూడాలా, రోగి సాధించిన సర్దుబాటుగా చూడాలా అన్నదానిపై వాదోపవాదాలు ఉన్నాయి. నా మటుకు నేను రెండోదానివైపే మొగ్గుతాను, కానీ చికిత్స ప్రభావాన్ని కొలిచేటప్పుడు మాత్రం దాన్ని విడదీసి చూపించక తప్పదు.

పోలిక బృందం లేకుండా స్కోరును నమ్మితే ఏమవుతుందో కిడ్నీ వైద్యంలోనే ఉదాహరణ ఉంది. రక్తహీనతకు ఎరిత్రోపొయిటిన్ ఇచ్చి హీమోగ్లోబిన్‌ను బాగా పెంచితే జీవన నాణ్యత ఎంతో మెరుగవుతుందన్న నమ్మకం ఒకప్పుడు బలంగా ఉండేది. డయాలసిస్ దశకు ఇంకా చేరని రోగులపై చేసి 2006లో ప్రచురించిన క్వాయర్ (CHOIR) అధ్యయనంలో హీమోగ్లోబిన్ 13.5 లక్ష్యంగా పెట్టుకున్నవారికీ 11.3 లక్ష్యంగా పెట్టుకున్నవారికీ జీవన నాణ్యత దాదాపు ఒకేలా మెరుగైంది. ఎక్కువ లక్ష్యం ఉన్నవారిలో మాత్రం మరణం, గుండె సంబంధ ప్రమాదాలు కలిపి చూస్తే పెరిగాయి. రెండో బృందమే లేకపోయి ఉంటే ఆ మెరుగుదల అంతా మందు ఖాతాలో పడేది.

జవాబు 2: డయాలసిస్ యూనిట్ నర్సు

సార్ చెప్పినవన్నీ నిజమే. నేను యూనిట్‌లో రోజూ చూసేది చెబుతాను. మేడమ్, మీరు ఏ సమయంలో అడిగారో రాయలేదు. మిషన్ మీద మూడో గంటలో బీపీ పడిపోతున్న మనిషిని అడిగితే ఒక జవాబు వస్తుంది, మర్నాడు ఇంటి దగ్గర అడిగితే మరో జవాబు వస్తుంది. ముఖ్యంగా ఈక్యూ-5డీ 'ఈ రోజు' ఎలా ఉన్నారని అడుగుతుంది కాబట్టి, డయాలసిస్ ఉన్న రోజా లేని రోజా అన్నది తప్పకుండా నమోదు చేయాలి. డబ్ల్యూహెచ్‌ఓక్వాల్-బ్రెఫ్ రెండు వారాలు, కేడీక్యూఓఎల్ నాలుగు వారాలు గుర్తు చేసుకోమంటాయి గానీ, కష్టంలో ఉన్న మనిషికి గత నాలుగు వారాలూ ఆ క్షణంలాగానే కనబడతాయి.

అంతకంటే పెద్ద చిక్కు పింఛను. మన రాష్ట్రంలో డయాలసిస్ రోగులకు ప్రభుత్వ పింఛను వస్తుంది. ఏప్రాన్ వేసుకుని, చేతిలో కాగితాలు పట్టుకుని వచ్చే మనిషి ఎవరైనా సర్వేకు వచ్చినట్టే వాళ్ళకు అనిపిస్తుంది. ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "బాగుందని సెప్తే పింఛను ఆపేస్తారేటి?" అని అడిగాడు. పాత రోగులకు మనమంటే భయం పోయి ఉంటుంది, కొత్తవారికి ఇంకా ఉంటుంది. మీకు కనబడిన తేడాలో కొంత ఇక్కడి నుంచే రావచ్చు. మాలాంటి సిబ్బంది అడిగితే ఇంకో సమస్య ఉంది. రేపు సూది గుచ్చేది మేమే కాబట్టి ఇబ్బంది ఉన్నా మా మొహం మీద చెప్పరు. యూనిట్‌తో సంబంధం లేని వ్యక్తి, వీలైతే అదే ఊరి యాస తెలిసినవారు, అధ్యయనానికీ పింఛనుకూ సంబంధం లేదని స్పష్టంగా చెప్పి అడగడం మేలు. కొడుకులను బయట కూర్చోబెట్టండి. నడక, స్నానం వంటి కనబడే విషయాల్లో వాళ్ళ జవాబు దాదాపు సరిగ్గానే ఉంటుంది; దిగులు గురించి మాత్రం తల్లికి బదులు తామే జవాబు చెప్పేస్తారు. దాంపత్య జీవితం గురించిన ప్రశ్నకు జవాబు వచ్చిందా అన్నది కూడా చూసుకోండి. సామాజిక విభాగంలో ఉన్నవే మూడు ప్రశ్నలు, ఒకటి ఖాళీగా వదిలితే ఆ స్కోరుకు బలం ఉండదు.

ప్రశ్న వేసినవారి స్పందన

చాలా ధన్యవాదాలు. పైలట్‌లో అందరినీ మిషన్ మీద ఉండగానే, ఏప్రాన్‌తో నేనే అడిగాను. అసలు అధ్యయనంలో సమయం, అడిగిన వ్యక్తి, పక్కన ఎవరున్నారు అన్న వివరాలకు గళ్ళు పెడతాను. అయితే నా గడువులో కొత్త రోగులను ఏడాదిపాటు వెంబడించడం సాధ్యమేనా అన్నది ఇంకా తేలలేదు.

జవాబు 3: డయాలసిస్ చేయించుకుంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, పాతవారు ఎందుకు బాగున్నామంటారో లోపలి నుంచి చెబుతాను. మొదట్లో నన్ను నేను ఉద్యోగం చేసిన రోజుల నాతో పోల్చుకునేవాడిని. ఇప్పుడు పక్క మంచం మీది వారితో పోల్చుకుంటాను, లేదా పిక్కలు పట్టేసిన పోయిన వారంతో పోల్చుకుంటాను. కాబట్టి బాగున్నానని నేను చెప్పేది అబద్ధం కాదు, కానీ చుట్టూ కొబ్బరితోటలే ఉన్న ఊళ్ళో పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్ళు ముట్టకుండా బతకడం నాకు ఇష్టమైందనీ కాదు. నన్ను అడగవలసిన ప్రశ్న ఒకటుంది: డయాలసిస్ అయ్యాక మళ్ళీ మామూలు మనిషివి కావడానికి ఎంతసేపు పడుతుంది? కొందరు భోజనం చేసి పొలం వెళతారు, నాకు మర్నాటి మధ్యాహ్నం దాకా లేవబుద్ధి కాదు.

జవాబు 4: బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకుడు

మాస్టారు అడిగిన ఆ ఒక్క ప్రశ్నను పరిశోధకులు నిజంగానే వాడుతున్నారు. జవాబు గంటల్లో వస్తుంది కాబట్టి స్కోరు లెక్కల అవసరం కూడా లేదు. రోగులు, కుటుంబాలు, వైద్యులు కలిసి హీమోడయాలసిస్ పరిశోధనలకు కీలక ఫలితాలను నిర్ణయించిన సాంగ్-హెచ్‌డీ ప్రయత్నంలో మరణం, గుండె జబ్బు, ఫిస్టులా వంటి వాస్క్యులర్ యాక్సెస్‌తో పాటు అలసట కూడా చోటు సంపాదించింది. ఆ ప్రశ్నను తప్పక చేర్చండి.

వెంబడించే వీలుంటే డయాలసిస్ మొదలైన వెంటనే ఒకసారి, మూడు నెలలకు, ఆరు నెలలకు అడగండి. మరణించినవారిని, మానేసినవారిని జాబితా నుంచి కొట్టేయకుండా, వారి చివరి స్కోరు ఎంతో, ఎందుకు రాలేదో వేరే పట్టికలో చూపండి. వారు లేని సగటును ఉన్నవారి సగటుగానే పేర్కొనాలి. రెండు స్కోర్ల మధ్య తేడాకు పీ విలువ (తేడా కాకతాళీయమా అని అంచనా వేయడానికి వాడే అంకె) ఒక్కటే ఇచ్చి సరిపెట్టవద్దు. రోగికి తేడాగా అనిపించే కనీస మార్పు ఎంతో ముందే నిర్ణయించుకోండి. వేరే ఆధారం దొరకనప్పుడు ప్రామాణిక విచలనంలో (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సగం అన్న నియమాన్ని చాలామంది తాత్కాలికంగా వాడుతున్నారు. గడువు చాలకపోతే ఒకే సమయంలో చేసిన అధ్యయనంగానే ఉంచండి, కానీ 'డయాలసిస్ కాలం పెరిగేకొద్దీ జీవన నాణ్యత మెరుగవుతుంది' అన్న వాక్యం ముగింపులో రాయవద్దు. పరీక్షకుడు మొట్టమొదట పట్టుకునేది దాన్నే.